పరాయిని గుర్తుపట్టే కత్తెర

కత్తి నూరుకోవడం ఎవరికైనా చేతనవుతుంది. ఆ కత్తి శత్రువును నరికి, తన ఇంటివారిని ముట్టకుండా ఉండేటట్లు చూసుకోవడమే కష్టం. రాజ్యాలకూ సైన్యాలకూ నేటికీ పూర్తిగా అలవడని ఈ విద్యను బాక్టీరియా ఏనాడో సాధించినవి. బాక్టీరియం శరీరమంతా ఒక్కటే కణం. అటువంటివి వేయింటిని వరుసగా పేర్చినా ఆవగింజ పాటి పొడవుంటుంది. ఆ కణంలో ఒక కత్తెర ఉన్నది. బయటినుంచి చొరబడిన జన్యుపదార్థాన్ని అది తునాతునకలు చేస్తుంది. పక్కనే ఉన్న స్వంత జన్యుపదార్థం జోలికి పోదు.

ఇరవయ్యో శతాబ్దం ఉత్తరార్ధంలో మనిషి ఈ కత్తెరను అరువు తెచ్చుకొన్నాడు. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరు రెస్ట్రిక్షన్ ఎంజైమ్. మధుమేహ రోగులు వాడే ఇన్సులిన్ మొదలుకొని న్యాయస్థానాలలో సాక్ష్యంగా నిలిచే డి.ఎన్.ఎ. ముద్రల దాకా, గర్భస్థ శిశువు రక్తదోషాన్ని ముందుగా తెలుసుకొనే పరీక్ష దాకా దాని ప్రయోజనాలు విస్తరించినవి. విచిత్రమేమంటే, ఇంతటి పనిముట్టు కావాలని ఎవరూ వెదకలేదు. ఏ ఉపయోగమూ కనిపించని ఒక చిక్కుప్రశ్నను కొద్దిమంది మనుషులు దాదాపు ఇరవై ఏండ్లపాటు వదలిపెట్టకపోవడంవల్ల అది చేతికి వచ్చినది.

బాక్టీరియాకు ఆగర్భశత్రువులైన వైరస్‌లు కొన్ని ఉన్నవి. వాటిని బాక్టీరియోఫేజ్‌లనీ, పొట్టిగా ఫేజ్‌లనీ అంటారు. బాక్టీరియాను భక్షించేవని అర్థం. 1915లో ఇంగ్లండులో ట్వార్ట్, 1917లో పారిస్‌లో డెరెల్ వీటి ఉనికిని వేరువేరుగా లోకానికి తెలిపారు. ఫేజ్ బాక్టీరియంమీద వాలి, సూదిమందు ఎక్కించినట్లు తన డి.ఎన్.ఎ.ను లోపలికి పంపుతుంది. ఆ తరువాత ఇంటి పెత్తనం అతిథిది. అరగంట గడిచేసరికి కణం పగిలి నూటికి పైగా పిల్ల ఫేజ్‌లు బయటపడతాయి. గాజుపళ్ళెంలో బాక్టీరియా పలుచని తెరవలె పెరిగి ఉంటే, ఫేజ్ వాలిన చోటల్లా ఆ తెరకు చిల్లి పడుతుంది. చిల్లులు లెక్కపెడితే ఫేజ్‌ల లెక్క తెలుస్తుంది. ఖరీదైన యంత్రాలతో పనిలేని ఈ లెక్కే తరువాతి కథకు ఆధారం.

ఇటలీలో పుట్టి, యూదుడైన కారణాన యూరపు విడిచి అమెరికా చేరిన సాల్వడార్ లూరియా 1950 ప్రాంతంలో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ఫేజ్‌లమీద పరిశోధన చేస్తుండేవారు. మేరీ హ్యూమన్ ఆయనకు తోడుగా పనిచేశారు. మనిషి పేగులలో కాపురముండే ఎషరీషియా కోలై అనే బాక్టీరియాలో మార్పుచెందిన రకమొకటి తీసుకొని, దానిమీద ఫేజ్‌లను వదిలారు. బాక్టీరియా చచ్చినవి, కాని ఫేజ్‌లకు పిల్లలు పుట్టిన జాడ లేదు. పుట్టినవేమో చూద్దామని ఆ ద్రవాన్ని మామూలు కోలైమీద చల్లితే చిల్లులు పడలేదు. ఒకనాడు ఆ మామూలు కోలై ఉన్న పరీక్షనాళిక పగిలిపోయినది. చేతిలో మరొకటి లేక, పొరుగు శాస్త్రజ్ఞుని వద్దనుంచి రక్తవిరేచనాలు కలిగించే షిగెల్లా బాక్టీరియాను తెచ్చి దాని బదులు వాడారు. పళ్ళెం నిండా చిల్లులు పడినవి!

అంటే ఫేజ్‌లు పుడుతూనే ఉన్నవి. పాత ఇంటిలోనే వాటికి చోటు లేకుండా పోయినది. ఈ సంగతి 1952లో అచ్చయినది. చాలా ఏండ్ల తరువాత వ్రాసుకొన్న ఆత్మకథ పేరులోనే లూరియా ఆ పగిలిన నాళికకు చోటిచ్చారు. తరగతిలో ఇటువంటి కథను అదృష్టానికి ఉదాహరణగా చెప్పడం పరిపాటి. నాళికలు ప్రతి ప్రయోగశాలలోనూ పగులుతూనే ఉంటాయి. మిగిలిన ముక్కలు ఊడ్చి పారవేసి, పాత రకాన్ని తిరిగి తెప్పించుకొని, షిగెల్లా ఫలితాన్ని పొరపాటు కింద కొట్టివేయడం లూరియాకు ఎంతో సులువు. ఆయన ఆ పని చేయకపోవడమే ఇక్కడ చెప్పుకోదగినది.

మరుసటి సంవత్సరం, 1953లో, బెర్టానీ, వైగిల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇదే వింతను మరొక జాతి ఫేజ్‌లలో మరింత స్పష్టంగా చూపారు. ఎస్తర్ లెడర్‌బర్గ్ అంతకుముందు కనుగొన్న లాంబ్డా ఫేజ్ వాటిలో ఒకటి. కోలైలో సి అనే రకంలో పెరిగిన లాంబ్డాలను కె-12 అనే రకంమీద వదిలితే పదివేలలో ఇంచుమించు ఒక్కటి మాత్రమే బతికి బట్టకడుతుంది. ఆ ఒక్కదాని సంతతిని మళ్ళీ కె-12మీద వదిలితే అన్నీ హాయిగా వృద్ధిపొందుతాయి. ఇంతవరకు వింత లేదు. బలమైనది మిగిలినది, దాని పిల్లలు తల్లివలె బలమైనవి అనుకోవచ్చును. కాని ఆ పిల్లలను ఒక్క తరం సి రకంలో పెంచి తిరిగి కె-12కు తెస్తే, మళ్ళీ పదివేలకు ఒక్కటే! వంశపారంపర్యమైన గుణమైతే ఒక్క తరంలో ఇట్లా ఊడిపోదు. ఇది రక్తంలో వచ్చినది కాదు. పెరిగిన ఇల్లు వేసిన ముద్ర. పశువుల మందకు యజమాని వేసే వాత వంటిది. వాత చూసి కె-12 తన మంద పశువును లోనికి రానిస్తున్నది. వాత లేనిదానిని చంపుతున్నది. ఆ వాత ఏమిటి, ఎక్కడ వేస్తారు, లేనిదానిని ఎట్లా చంపుతారు?

సమాధానం స్విట్జర్లండులోని జెనీవానుంచి వచ్చినది. వెర్నర్ ఆర్బర్, ఆయన వద్ద పరిశోధన చేస్తున్న విద్యార్థిని డైసీ డ్యూస్వా ఫేజ్ డి.ఎన్.ఎ.లో రేడియోధార్మిక భాస్వరాన్ని చేర్చి, బాక్టీరియంలో ప్రవేశించిన తరువాత దాని గతి ఏమవుతున్నదో వెంబడించారు. పరాయి ఇంటిలో అడుగుపెట్టిన కొద్ది నిమిషాలకే డి.ఎన్.ఎ. ముక్కలై పోతున్నది. వాత కూడ డి.ఎన్.ఎ.మీదనే ఉన్నది. 1962లో వీరిద్దరి పేర్లతో రెండు వ్యాసాలు వెలువడినవి; ఒకదానిలో ఆర్బర్ పేరు ముందు, రెండవదానిలో డ్యూస్వా పేరు ముందు. బాక్టీరియంలో పరాయి డి.ఎన్.ఎ.ను ఒక నిర్ణీతమైన చోట గుర్తించి కోసే ఎంజైమ్ ఒకటి, అదే చోట స్వంత డి.ఎన్.ఎ.కు గుర్తుపెట్టే ఎంజైమ్ ఒకటి జంటగా ఉండవలెనని ఆర్బర్ ఊహించారు.

ఆ గుర్తు ఎంత చిన్నదో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఒక కర్బన పరమాణువు, దానికి తగిలిన మూడు ఉదజని పరమాణువులు: మిథైల్ సమూహం. డి.ఎన్.ఎ. రెండు పేటల నిచ్చెన వంటిది. దానిలో వ్రాత అంతా ఎ, టి, జి, సి అని పిలిచే నాలుగు అక్షరాలతో ఉంటుంది. ఒక పేటలో ఎ ఉన్నచోట ఎదుటి పేటలో టి, జి ఉన్నచోట సి తప్పక ఉంటాయి. కత్తెర గుర్తించే చోట ఉన్న ఒక అక్షరానికి మిథైల్ బొట్టు పెడితే కత్తెర అక్కడ పడదు. కణం రెండుగా చీలేటప్పుడు డి.ఎన్.ఎ. పేటలు విడిపోయి, ఒక్కొక్క పాత పేటకు కొత్త పేట జతకడుతుంది. కొత్త పేటకు బొట్టు లేదు. కాని పాత పేటమీది బొట్టు చెరగలేదు. సగం బొట్టు చాలు, అది స్వంతమేనని తెలిసిపోతుంది. గుర్తుపెట్టే ఎంజైమ్ వచ్చి రెండవ పేటకు కూడ బొట్టు పెట్టిపోతుంది. ఫేజ్ తెచ్చిన డి.ఎన్.ఎ.కు రెండు పేటలమీదా బొట్టు ఉండదు. పదివేలలో ఒక్క ఫేజ్ ఎట్లా తప్పించుకొంటున్నదో కూడ ఇక్కడ తెలుస్తుంది: కత్తెర చేరకముందే గుర్తుపెట్టే ఎంజైమ్ పొరపాటున దానికి బొట్టు పెట్టివేస్తుంది. ఇక అది ఇంటిదే.

ఊహ సరే, కత్తెరను బయటికి తీసి చూపినవారెవరు? 1968లో అమెరికాలో మెసెల్సన్, యువాన్ ఒక ఎంజైమును వేరుచేశారు. ఆర్బర్ ప్రయోగశాలనుంచి కూడ అటువంటిదే వచ్చినది. ఇవి నిరుత్సాహం కలిగించినవి. గుర్తు ఒకచోట పోల్చుకొని, ఎంతో దూరంలో తోచిన చోట కోయడం వాటి స్వభావం. దర్జీ గీత గీసిన చోటు చూసి కత్తెర మరెక్కడో వేసినట్లు. వాటితో గుడ్డ కుట్టలేము.

అసలైన కత్తెర బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ వైద్యకళాశాలలో దొరికినది. హామిల్టన్ స్మిత్, ఆయన విద్యార్థి కెంట్ విల్కాక్స్ హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే అనే బాక్టీరియాతో పనిచేస్తున్నారు. ఆ బాక్టీరియా ఫ్లూ జ్వరానికి కారణమని ఒకప్పుడు పొరబడడంచేత ఆ పేరు నిలిచిపోయినది. వారి పరికరం విస్కోమీటరు. ద్రవం చిక్కదనాన్ని కొలిచే గాజుగొట్టం. పొడవైన డి.ఎన్.ఎ. దారాలున్న ద్రవం బంకగా ఉండి మెల్లగా జారుతుంది. దారాలు తెగితే పలుచబడి త్వరగా జారుతుంది. హీమోఫిలస్ కణాల రసాన్ని హీమోఫిలస్ డి.ఎన్.ఎ.లో కలిపితే చిక్కదనం చెక్కుచెదరలేదు. పి-22 అనే ఫేజ్ డి.ఎన్.ఎ.లో కలిపితే నిమిషనిమిషానికీ పడిపోయినది. థామస్ కెల్లీతో కలిసి స్మిత్ ఆ ఎంజైమ్ కోసే చోటును చదివారు. ఆరు అక్షరాల పొడవున్న ఒక చోటు. ఆ ఆరింటికి సరిగ్గా నడుమ కోత. పొడుగాటి డి.ఎన్.ఎ.ను నేరుగా చదివే పద్ధతులు ఇంకా పుట్టని 1970 సంవత్సరంలో ఆరక్షరాలు చదవడం చిన్న పని కాదు.

అదే కళాశాలలోని డేనియల్ నాథన్స్ 1969లో ఇజ్రాయెల్‌లో ఉండగా స్మిత్ ఈ ఎంజైమ్ సంగతి ఉత్తరంలో వ్రాశారు. నాథన్స్ తిరిగివచ్చి, కోతులలో ఉండే ఎస్.వి.-40 అనే కణితి వైరస్ మీద దానిని ప్రయోగించారు. ఆయన విద్యార్థిని కాథలీన్ డానా చేసిన ప్రయోగంలో ఆ వైరస్ డి.ఎన్.ఎ. 11 ముక్కలయినది. ముక్కలను పొడవునుబట్టి వేరుచేసి, ఏది దేని పక్కన ఉండేదో తేల్చి, పటం గీశారు. డి.ఎన్.ఎ.కు భూగోళపటం వంటిది గీయవచ్చునని 1971లో మొదట తెలిసినది అక్కడే. ఇక్కడ విద్యార్థులకు ఒక చిన్న లెక్క: 11 ముక్కలు కావాలంటే ఎన్ని కోతలు పడాలి? పది అనేవారు తొందరపడినట్లే. ఎస్.వి.-40 డి.ఎన్.ఎ. గాజువలె గుండ్రనిది, గాజుకు 11 కోతలు పడితేనే 11 ముక్కలవుతాయి.

1978లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి ఆర్బర్, స్మిత్, నాథన్స్ ముగ్గురికీ కలిపి ఇచ్చారు. ముగ్గురూ అర్హులే. అయినా మొదటి ఆధారాన్ని తన చేతులతో తీసిన డ్యూస్వా పేరూ, మొదటి ముక్కలను కళ్ళతో చూసిన డానా పేరూ పాఠ్యపుస్తకాలలో కనిపించవు. ముగ్గురికి మించి పంచరాదన్న నియమం నోబెల్ సంఘానిది. పాఠం చెప్పే ఉపాధ్యాయునికి ఆ నియమం లేదు.

బహుమతి వచ్చిన రోజులలో ఆర్బర్ చిన్న కూతురు సిల్వియా తండ్రి చేసిన పని ఏమిటో తెలుసుకొని దానిని కథగా చెప్పినది. బాక్టీరియా సమూహం ఒక నగరం, ప్రతి బాక్టీరియంలోనూ డి.ఎన్.ఎ. రాజు, ఎంజైములు సేవకులు. తన తండ్రి కనుగొన్నది కత్తెర పట్టిన సేవకుణ్ణి. పరాయి రాజు దండెత్తి వస్తే ఈ సేవకుడు అతనిని ముక్కలు చేస్తాడు, తన రాజుకు మాత్రం హాని చేయడు. ఆర్బర్ ఈ కథను తన జీవితసంగ్రహంలో చేర్చుకొన్నారు. పదేండ్ల పిల్ల చెప్పిన ఈ నాలుగు మాటలలో ఉన్నంత స్పష్టత ఎన్నో పాఠాలలో దొరకదు. సిల్వియా తరువాత స్వయంగా పేరుపొందిన నాడీశాస్త్రజ్ఞురాలయినది.

ఈ ఎంజైములకు పేరు పెట్టే పద్ధతిని 1973లో స్మిత్, నాథన్స్ సూచించారు. బాక్టీరియా ప్రజాతి పేరునుంచి ఒక అక్షరం, జాతి పేరునుంచి రెండు, ఆపైన రకం గుర్తు, దొరికిన వరుస సంఖ్య. ఎషరీషియా కోలైలో ఆర్ రకంనుంచి మొదట దొరికినది ఈకో-ఆర్-వన్. ప్రయోగశాలలలో అన్నిటికన్న ప్రసిద్ధికెక్కినది ఇదే. ఇది గుర్తించే ఆరక్షరాలు: జి, ఎ, ఎ, టి, టి, సి. ఎదుటి పేటలో వీటికి జతలు వరుసగా సి, టి, టి, ఎ, ఎ, జి. ఎదుటి పేటను చదవవలసిన దిశ వెనుకనుంచి ముందుకు. అట్లా చదివితే మళ్ళీ జి, ఎ, ఎ, టి, టి, సి! తెనాలి రామకృష్ణుని కథలోని 'వికటకవి' అన్న మాట ఎటునుంచి చదివినా ఒకటే అని తెలుగు పిల్లలందరికీ తెలుసు. చిత్రకవిత్వం వ్రాసిన కవులు పద్యం మొత్తాన్నే వెనుకకు చదివినా అదే పద్యమయ్యేటట్లు కూర్చారు. బాక్టీరియం భ్రమకం ఇంకొంచెం జటిలమైనది. ఒక పేటలోని మాట ఎదుటి పేటలో తిరగబడి వినిపిస్తుంది. ఈ పొందిక వినోదం కోసం ఏర్పడినది కాదు. ఈ ఎంజైమ్ అచ్చంగా ఒకేరకమైన రెండు భాగాల జంట. ఒక్కొక్క భాగం ఒక్కొక్క పేటను పట్టుకొంటుంది. రెండింటికీ ఒకే మాట కనబడితేనే రెండూ కోస్తాయి.

ఈకో-ఆర్-వన్ రెండు పేటలనూ ఎదురెదురుగా తెంచదు. ప్రతి పేటలోనూ జి తరువాత తెంచుతుంది. అందువల్ల రెండు కొసలలోనూ ఎ, ఎ, టి, టి అన్న నాలుగక్షరాల ఒంటి పేట వేలాడుతూ మిగులుతుంది. ఇదే ఎంజైమ్ కోసిన ఏ డి.ఎన్.ఎ. ముక్కకైనా ఇదే కొస. కోతిదైనా, కప్పదైనా, మనిషిదైనా ఒక ముక్క కొస మరొక ముక్క కొసను పట్టుకోగలదు. వడ్రంగి రెండు కొయ్యలను కలపడానికి కుసి, తొలి చెక్కుకొంటాడు గదా. ఇక్కడ కుసీ తొలీ ఎంజైమే చెక్కి ఇస్తున్నది. ఈ అతుకు గుణాన్ని 1972లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జానెట్ మెర్ట్జ్, రొనాల్డ్ డేవిస్ కనుగొన్నారు. పట్టుకొన్న కొసలను శాశ్వతంగా అతికించే లైగేజ్ అనే ఎంజైమ్ అంతకుముందే తెలుసు.

నాలుగక్షరాల భాషలో ఒక ఆరక్షరాల మాట యాదృచ్ఛికంగా ఎంత దూరానికొకసారి రావాలి? నాలుగును ఆరుసార్లు వేసి గుణిస్తే 4096. లాంబ్డా ఫేజ్ డి.ఎన్.ఎ. పొడవు 48,502 అక్షరాల జతలు. లెక్క ప్రకారం ఈకో-ఆర్-వన్ దానిని 12 చోట్ల కోయాలి. నిజానికి కోసేది 5 చోట్ల. ప్రకృతి వ్రాత పాచికలు వేసి వ్రాసినది కాదని ఈ తేడా చెబుతున్నది. 5 కోతలకు 6 ముక్కలు. లాంబ్డా ఫేజ్‌లో డి.ఎన్.ఎ. గాజు కాదు, తాడు.

ప్రయోగశాలలో ఈ పని చూడడానికి ఎంతో నిరాడంబరంగా ఉంటుంది. బొటనవ్రేలి పాటి ప్లాస్టిక్ గొట్టంలో కొద్దిగా డి.ఎన్.ఎ., తగిన లవణాల ద్రావణం, నీరు పోస్తారు. ఆ లవణాలలో మెగ్నీషియం ఉండితీరాలి. అది లేనిదే ఈ కత్తెర ఆడదు. ఎంజైమ్ సీసా సున్నాకు ఇరవై డిగ్రీల దిగువన శీతపేటికలో ఉంటుంది. దానిలో సగం గ్లిసరిన్. అందుచేత అంత చలిలోనూ గడ్డకట్టదు. అది వెచ్చబడకుండా మంచుగడ్డలలో ఉంచి, అన్నిటి తరువాత చివరగా ఎంజైమును కలుపుతారు. కలిపేది మైక్రోలీటరు రెండు మైక్రోలీటర్లు. కన్నీటిబొట్టులో ఇరవయ్యో వంతో ముప్పయ్యో వంతో. తరువాత 37 డిగ్రీల వెచ్చదనంలో గంటసేపు ఉంచుతారు. అది మనిషి ఒంటి వేడి. కోలై పుట్టి పెరిగిన పేగుల వేడి అదే. వేడినీటి ఊటలలో బతికే బాక్టీరియానుంచి తీసిన టాక్-వన్ అనే ఎంజైముకు 65 డిగ్రీలు కావాలి. ఏ కత్తెరకు ఆ ఊరి వాతావరణం.

కొత్తగా చేరిన విద్యార్థి ఎక్కువ వేస్తే త్వరగా కోస్తుందనుకొని ఎంజైమును ధారాళంగా పోస్తాడు. గ్లిసరిన్ పాలు మీరగానే కత్తెరకు మతి చలిస్తుంది. ఆరక్షరాలలో ఒకటి తప్పు ఉన్నచోట కూడ కోస్తుంది. లేని ముక్కలు పుట్టుకువస్తాయి. అందువల్ల మొత్తం ద్రవంలో ఎంజైమ్ పదో వంతు మించరాదని ప్రయోగశాలలలో మొదటిరోజే చెబుతారు. ఎంజైమ్ వేయని గొట్టాన్ని పక్కన పెట్టుకొని పోల్చిచూడాలని కూడ చెబుతారు. ఈ రెండవ మాట వినని విద్యార్థి తన ఫలితాన్ని తానే నమ్మలేని స్థితికి వస్తాడు.

గంట గడిచిన తరువాత ముక్కలను చూడాలి. సముద్రపు నాచునుంచి తీసే అగరోజ్‌ను నీటిలో కాచి పోస్తే జున్నువంటి పలక పేరుకొంటుంది. దాని ఒక అంచున చేసిన గుంటలలో డి.ఎన్.ఎ.ను పోసి విద్యుత్తు ప్రసరింపజేస్తారు. డి.ఎన్.ఎ. ఋణవిద్యుత్తు కలది గనుక ధనధ్రువం వైపు పోతుంది. చిన్న ముక్కలు జున్ను సందులలోంచి చురుకుగా దూరిపోతాయి, పెద్దవి వెనుకబడతాయి. పలకకు ఇథీడియం బ్రోమైడ్ రంగు పట్టించి అతినీలలోహిత కాంతిలో పెడితే నారింజరంగు గీతలు మెరుస్తాయి. ఈ తేలిక పద్ధతి 1973లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలలో స్థిరపడినది. ఆ రంగు డి.ఎన్.ఎ. మెట్ల మధ్య దూరే స్వభావం కలది గనుక చేతికి తొడుగులు లేకుండా ముట్టుకోరు. ఇప్పుడు దానికి బదులు నిరపాయమైన రంగులు కూడ వచ్చినవి.

1972 నవంబరులో హొనలూలూలో జరిగిన ఒక సమావేశంలో స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్ కలుసుకొన్నారు. ఈకో-ఆర్-వన్ బోయర్ ప్రయోగశాలది. బాక్టీరియాలో స్వతంత్రంగా పెరిగే గుండ్రని చిన్న డి.ఎన్.ఎ.లు, అనగా ప్లాస్మిడ్‌లు, కోహెన్ విద్య. 1973లో వీరు సహచరులతో కలిసి ప్లాస్మిడ్‌ను కోసి, వేరొక డి.ఎన్.ఎ. ముక్కను అతికించి, కోలైలో ప్రవేశపెట్టారు. బాక్టీరియం పెరిగినకొద్దీ ఆ ముక్కకూ నకళ్ళు పుట్టినవి. మరుసటి ఏడు కప్ప జన్యువు కూడ కోలైలో చేరినది. సృష్టిలో ఎన్నడూ కలియని రెండు వంశాలు పరీక్షనాళికలో కలిసినవి.

ఇది విన్నవారికి సంతోషంతోపాటు భయం కూడ కలిగినది. ఆ భయాన్ని మొదట పైకి చెప్పినవారు శాస్త్రజ్ఞులే. కణితి పుట్టించగల ఎస్.వి.-40 డి.ఎన్.ఎ.ను, మనిషి పేగులలో బతికే కోలైలో ప్రవేశపెట్టాలని స్టాన్‌ఫర్డ్‌లో పాల్ బెర్గ్ తలపెట్టగా, తోటి శాస్త్రజ్ఞులు అభ్యంతరం చెప్పారు. బెర్గ్ ఆ ప్రయోగాన్ని మానుకొన్నారు. 1974లో ఆయనా, మరికొందరూ కొన్నిరకాల ప్రయోగాలను అందరూ కొంతకాలం ఆపాలని బహిరంగంగా కోరారు. 1975 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అసిలోమార్‌లో దాదాపు 150 మంది సమావేశమై, ఏ ప్రయోగానికి ఎంత కట్టుదిట్టం అవసరమో నిర్ణయించుకొన్నారు. అంతటితో జనం ఊరుకోలేదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయమున్న కేంబ్రిడ్జి నగరపాలక సభ 1976లో ఈ పరిశోధనను తాత్కాలికంగా నిలిపివేసి, సామాన్య పౌరులతో సంఘం వేసినది. శాస్త్రం తెలియనివారు తీర్పరులా అని కొందరు శాస్త్రజ్ఞులు చిన్నబుచ్చుకొన్నారు. ఆ పౌరులు నెలల తరబడి విని, చదివి, కట్టుబాట్లతో అనుమతించవచ్చునని తేల్చారు. శాస్త్రజ్ఞులు ఉలుకుపడినంత తెలివిమాలిన తీర్పేమీ కాదది.

భయపడిన ఉపద్రవాలు జరగలేదు. జరిగినది మరొకటి. అంతవరకు ఇన్సులిన్‌ను పందుల, ఆవుల క్లోమగ్రంథులనుంచి తీసేవారు. 1978లో మానవ ఇన్సులిన్ జన్యువును రసాయనికంగా కూర్చి, ప్లాస్మిడ్‌లో అతికించి, కోలై చేత ఇన్సులిన్ చేయించారు. 1982లో అది అమెరికాలో మందుగా అనుమతి పొందినది. ఇదే విద్యతో 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ ఈస్ట్ కణాలచేత హెపటైటిస్-బి టీకా తయారుచేయించినది. హైదరాబాదులోనే సి.సి.ఎం.బి. అని పిలిచే కణజీవశాస్త్ర పరిశోధన కేంద్రంలో లాల్జీసింగ్ 1980ల చివర స్వదేశీ డి.ఎన్.ఎ. ముద్రల పద్ధతిని నెలకొల్పారు. ఆయన పరిశోధన కట్లపాము జాతికి చెందిన ఒక పాము డి.ఎన్.ఎ.తో మొదలయినది. మనిషి డి.ఎన్.ఎ.ను రెస్ట్రిక్షన్ ఎంజైముతో కోస్తే ముక్కల పొడవులు మనిషికీ మనిషికీ మారతాయన్నదే ఆ ముద్రల మూలసూత్రం.

సికిల్ సెల్ వ్యాధి నిర్ణయంలో ఈ కత్తెర పనితనం తేటతెల్లంగా కనిపిస్తుంది. విశాఖ మన్యంలోనూ, ఆదిలాబాదు అడవులలోనూ గిరిజనుల కుటుంబాలను పీడించే రక్తవ్యాధి అది. ఎర్రకణాలు కొడవలివలె వంకరపోయి రక్తనాళాలలో ఇరుక్కొంటాయి. కారణం హీమోగ్లోబిన్ జన్యువులో ఒకే ఒక అక్షరం: ఎ ఉండవలసిన చోట టి. మంచి జన్యువులో ఆ చోట సి, సి, టి, జి, ఎ, జి, జి అని ఉంటుంది. ఎమ్.ఎస్.టి.-టూ అనే ఎంజైమ్ సరిగ్గా ఆ మాటను గుర్తించి కోస్తుంది. వ్యాధి జన్యువులో ఎ స్థానంలో టి చేరడంతో ఆ మాట చెడిపోతుంది. కత్తెర దానిని గుర్తించక దాటిపోతుంది. మంచి జన్యువునుంచి 1150 అక్షరాల ముక్క వస్తే, చెడ్డదానినుంచి 1350 అక్షరాల ముక్క వస్తుంది. జెల్ పలకమీద రెండు గీతలు రెండు వేరువేరు చోట్ల నిలుస్తాయి. 1982లో వెల్లడయిన ఈ పద్ధతితో గర్భస్థ శిశువు పరిస్థితిని కూడ తెలుసుకోగలిగారు. అనేక కోట్ల అక్షరాలలో ఒక్క అచ్చుతప్పును పట్టగలిగినది, పాఠం చదవడం రాని ఒక బాక్టీరియా ఎంజైమ్.

ఇప్పుడు డి.ఎన్.ఎ.ను ఆద్యంతం చదివే యంత్రాలు వచ్చినందున ఇటువంటి పరీక్షలు చాలావరకు వేరే దారులు పట్టినవి. 2012లో వెల్లడయిన క్రిస్పర్ కత్తెరకు కోయవలసిన చోటును మనిషే చెప్పవచ్చును. దానికి 2020లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది. అది కూడ ఫేజ్‌లను ఎదిరించడానికి బాక్టీరియా ఏర్పరచుకొన్న ఆయుధమే. పాత కత్తెరలు మూలపడలేదు. ఎం.ఆర్.ఎన్.ఎ. టీకాల తయారీలో నమూనాగా వాడే గుండ్రని ప్లాస్మిడ్‌ను తాడువలె సాపుచేయడానికి నేటికీ రెస్ట్రిక్షన్ ఎంజైమే కోత వేస్తుంది.

ఫేజ్‌లు మాత్రం ఊరకే కూర్చున్నవా? టి-7 అనే ఫేజ్ కణంలో ప్రవేశించగానే డి.ఎన్.ఎ. ఆకారాన్ని పోలిన ఒక మాంసకృత్తును పుట్టించి, దానిని కత్తెర నోటికి అడ్డం పెడుతుంది. టి-2 జాతి ఫేజ్‌లు తమ డి.ఎన్.ఎ.లో సి అక్షరానికి బదులు దాని మార్పురూపం వాడి, దానికి చక్కెర తొడుగు తొడిగి కత్తెరను మోసగిస్తాయి. ఆ చక్కెరను ఇచ్చే సరుకు మాత్రం బాక్టీరియం ఇంటినుంచే రావాలి. లూరియా, మేరీ హ్యూమన్ వాడిన మార్పుచెందిన కోలైలో ఆ సరుకు కరవు. అక్కడ పుట్టిన ఫేజ్‌లు తొడుగు లేకుండా బయటికి వచ్చి, మామూలు కోలైలో అడుగుపెట్టగానే తెగిపడేవి. షిగెల్లాలో ఆ కత్తెర లేదు.